మజిల్ లోడర్ రైఫిల్ గురి సవరణ

మజిల్ లోడర్ రైఫిల్ గురి సవరణ అనగా మూతివైపు నుంచి మందు, గుండు కూరి పేల్చే రైఫిల్‌లో కంటికి కుదిరిన గురికీ, గుండు తగిలిన చోటుకూ మధ్య వచ్చే తేడాకు కారణం కనిపెట్టి దానిని సరిచేయడం. వెనుక నుంచి తూటా పెట్టే ఆధునిక రైఫిల్‌లో ఇది చాలావరకు గురిముక్కలకు సంబంధించిన పని. మజిల్ లోడర్ విషయం వేరు. ఇందులో తూటా కర్మాగారంలో తయారై రాదు. పేల్చే మనిషే ప్రతిసారీ దానిని గొట్టంలోపల తయారు చేస్తాడు. అందుచేత గురి తప్పుతున్నదని అనుకునే సందర్భాలలో చాలావాటికి కారణం మందు కూరడంలోనో, గొట్టం చెక్కలో కూర్చున్న తీరులోనో ఉంటుంది. గురిముక్కను కదల్చడం ఈ పనిలో చివరి మెట్టు. మొదటి మెట్టుగా దానినే పట్టుకున్నవారు సాధారణంగా మంచి తుపాకీని పాడుచేస్తారు.

పేర్లు, రకాలు

వీటిని తెలుగునాట మందు తుపాకీ, నాటు తుపాకీ అని, తెలంగాణ ప్రాంతంలో భర్మార్ అని కూడా వ్యవహరిస్తారు. ఈ పేర్లు కచ్చితమైనవి కావు. నాటు తుపాకీ అంటే దొంగచాటుగా నీటి పైపుతో చేసినది కావచ్చు, లైసెన్సు ఉన్న పాత తుపాకీ కావచ్చు. పరీక్ష జరగని పైపు గొట్టానికి గురి సవరణ అనే మాటే వర్తించదు. అది ఎప్పుడు పగులుతుందో చెప్పలేని వస్తువు.

గొట్టం లోపలి తీరునుబట్టి మజిల్ లోడర్లు రెండు రకాలు. లోపలంతా నున్నగా ఉండి సీసపు రవ్వలనుగాని, ఒంటి గుండునుగాని పేల్చేవి ఒక రకం. గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉండి, గుండును బొంగరంలా తిప్పుతూ పంపేవి రెండవ రకం. రైఫిల్ అనే పేరు ఈ రెండవదానికే చెల్లుతుంది. ఇందులో వాడేది బ్లాక్ పౌడర్ అనే తుపాకిమందు. దీనిని నల్లమందు అని అనువదించినవారు కొందరున్నారు గాని, తెలుగులో నల్లమందు అంటే అభిని. ఆధునిక తూటాలలో వాడే పొగలేని మందును మజిల్ లోడర్‌లో, ఆ మందుకోసమే ప్రత్యేకంగా తయారైన అరుదైన నమూనాలలో తప్ప, ఎంత కొద్దిగానైనా వాడరాదు. ఆ ఒత్తిడికి గొట్టం పగిలి చేతులు, కళ్ళు పోతాయి.

చరిత్ర

కోస్తా జిల్లాలలోకి పెద్ద ఎత్తున వచ్చిన తొలి ఐరోపా సైనిక తుపాకులకు వెనుక గురి అసలు లేదు. 1753లో సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చినపుడు ఏలూరు సర్కారు వాటిలో ఒకటి. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివారిని ఓడించిన కర్నల్ ఫోర్డ్ సేన, ఏలూరు మీదుగా సాగి 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను పట్టుకున్నది. ఆ కాలపు ఇంగ్లీషు మస్కెట్టు గొట్టం సుమారు ముప్పాతిక అంగుళం వెడల్పు. గుండు అంతకన్నా చిన్నది, వదులుగా జారిపోయేది. మూతి దగ్గర బాయొనెట్టు తగిలించే మొటిమే ముందు గురిగా పనిచేసేది. వరుసగా నిలబడి ఒక్కసారిగా పేల్చే సేనలకు అంతకు మించిన గురి అవసరపడలేదు.

1853 నమూనా ఎన్‌ఫీల్డ్‌తో ఈ పరిస్థితి మారినది. దాని గొట్టంలో గాడులు ఉండేవి. వెనుక గురిలో పైకి లేచే నిచ్చెన వంటి పలక ఉండి, దూరాన్నిబట్టి 900 గజాల దాకా సర్దుకునే వీలు కల్పించేది. 1857 తిరుగుబాటుకు ఒక నిప్పురవ్వ అయిన కొవ్వు పూసిన తూటాలు ఈ తుపాకీవే. ఆ తరువాత భారతీయ సిపాయిల కోసం తయారుచేసిన 1858 నమూనా పైకి ఎన్‌ఫీల్డ్‌లాగానే కనిపించినా, దాని గొట్టంలో గాడులు లేవు, వెనుక గురి కదలదు. గురి ఎవరి చేతిలో ఉండాలన్నది ఆనాటి ప్రభుత్వానికి తుపాకీ ఎవరి చేతిలో ఉండాలన్నంత ముఖ్యమైన విషయమే అయినది. 1878 ఆయుధాల చట్టం భారతీయులు తుపాకీ ఉంచుకోవడానికి లైసెన్సును తప్పనిసరి చేసింది.

గురి పనిచేసే విధం

సాధారణ మజిల్ లోడర్ రైఫిల్‌లో మూతి దగ్గర సన్నని పలకలాంటి ముందు గురి, కంటి వైపు గాటు ఉన్న వెనుక గురి ఉంటాయి. ముందు పలక వెనుక గాటులో సరిగ్గా మధ్యగా నిలవాలి. రెంటి పైఅంచులు ఒకే మట్టంలో ఉండాలి. మనిషి కన్ను ఒకేసారి గాటును, పలకను, లక్ష్యాన్ని స్పష్టంగా చూడలేదు. స్పష్టంగా కనబడవలసినది ముందు పలక. మిగిలిన రెండూ కొంచెం మసకగా ఉన్నా నష్టం లేదు. నలభై ఏళ్ళు దాటి చత్వారం వచ్చినవారికి గాటు మరీ చెదిరిపోయి కనిపిస్తుంది. వారు తుపాకీలో తప్పు వెదకడానికి ముందు కళ్ళజోడు సంగతి చూసుకోవాలి. గాటుకు బదులు చిన్న రంధ్రం ఉన్న వెనుక గురిని అమర్చుకోవడం కూడా వీరికి ఉపకరిస్తుంది.

సవరణ సూత్రం చిన్నదే. గుండు ఎటు వెళ్ళాలని కోరుకుంటే వెనుక గురిని అటే జరపాలి. ముందు గురినైతే అందుకు ఎదురు దిక్కుకు జరపాలి. గుండ్లు ఎడమకు తగులుతుంటే వెనుక గురి కుడికి, లేదా ముందు గురి ఎడమకు జరగాలి. ముందు పలకను ఆకురాయితో అరగదీస్తే గుండు పైకి తగులుతుంది.

ఎంత జరపాలో లెక్క కట్టవచ్చు. లక్ష్యం మీద కనిపించిన తేడాను రెండు గురుల మధ్య దూరంతో గుణించి, లక్ష్యం దూరంతో భాగించాలి. గురుల మధ్య దూరం 60 సెంటీమీటర్లు, లక్ష్యం 50 మీటర్లు, తేడా 10 సెంటీమీటర్లు అయితే జరపవలసినది 1.2 మిల్లీమీటర్లు మాత్రమే. అదే 10 సెంటీమీటర్ల తేడా 25 మీటర్ల దూరంలోనే వస్తే 2.4 మిల్లీమీటర్లు. అంచనా మీద సుత్తితో కొట్టేవారు ఒక దెబ్బకే ఇంతకు రెండింతలు జరుపుతారు. అందుకే జరిపే ముందు గొట్టం మీదా, గురి మొదలు మీదా కలిసేటట్లు సన్నని గీత గీసుకోవాలి. గురి అమరిన గాడిలో దానిని ఇత్తడి కడ్డీతో మెల్లగా తట్టాలి. ఇనుపదైతే గురిముక్క సొట్టపోతుంది. అరగదీసిన లోహం మళ్ళీ రాదు గనుక ముందు పలక పనిని కొద్దికొద్దిగా, మధ్యమధ్య పేల్చి చూస్తూ చేయాలి.

లోపాన్ని కనిపెట్టే విధం

ఒక్క గుండును చూసి ఏదీ తేల్చరాదు. తుపాకీ ముందు భాగాన్ని చేయి పట్టుకునే చోట ఇసుక సంచి మీద ఆనించి, 25 మీటర్ల దూరంలో, ఒకే కొలత మందుతో, ఒకే విధంగా కూరిన అయిదు గుండ్లను ఒకే గురితో పేల్చాలి. గొట్టపు మూతినే సంచి మీద ఆనిస్తే ఫలితం మారిపోతుంది. అయిదూ ఒకచోట గుమిగూడి, ఆ గుంపు మాత్రం పక్కకు ఉంటే అది గురిముక్కల లోపం. పైన చెప్పిన లెక్కతో తీరుతుంది. అయిదూ చెల్లాచెదురైతే గురిముక్కలను తాకరాదు. గుంపు లేనిదే దాని మధ్యబిందువు ఎక్కడో తెలియదు, మధ్యబిందువు తెలియనిదే జరపవలసిన కొలత తెలియదు.

చెదరిన తీరు కూడా చాలా చెబుతుంది. మొదటి గుండు దూరంగా పడి తక్కినవి దగ్గరగా పడితే గొట్టంలో నూనె మిగిలి ఉన్నదని అర్థం. పేల్చే ముందు పొడిగుడ్డతో తుడవాలి. మొదటివి బాగా పడి, తరువాతివి క్రమంగా దూరమవుతుంటే అది మసి పని. తుపాకిమందు కాలినపుడు దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగా మిగులుతుంది. ఆ మసి గొట్టాన్ని ఇరుకు చేసి, ఒక్కొక్క గుండును ఒక్కొక్క బిగువుతో కూర్చోబెడుతుంది. ప్రతి పేల్పు తరువాత, లేదా కనీసం ఒక క్రమం ప్రకారం, తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిస్తే ఈ తేడా పోతుంది.

గుండ్లు నిలువుగా ఒక గీతలా పడితే మందు కొలతలోనో, గుండును నొక్కిన బలంలోనో తేడా ఉన్నది. గుండు మందు మీద పూర్తిగా ఆని ఉండటం గురికే కాదు, ప్రాణానికీ అవసరం. మందుకూ గుండుకూ మధ్య ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. అందుకే కూరే కడ్డీ మీద ఖాళీ గొట్టానికి ఒక గీత, సరిగా కూరిన గొట్టానికి ఒక గీత పెట్టుకుంటారు. ఈ రెండు గీతలూ లేని తుపాకీతో పరీక్ష మొదలుపెట్టకూడదు.

అడ్డంగా పరుచుకుంటే వదులైన గురిముక్క, పక్కకు ఒరిగిన తుపాకీ, ట్రిగ్గరును పక్కకు లాగే వేలు, పక్కగాలి, వెలుతురు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. తుపాకీ కుడికి ఒరిగితే గుండు కుడికీ, కొంచెం కిందికీ పడుతుంది.

గుండు చుట్టూ చుట్టే గుడ్డముక్క ఈ పరిశీలనలో మంచి సాక్షి. పేల్చిన తరువాత అది కొన్ని గజాల దూరంలో నేలమీద దొరుకుతుంది. అంచులు కొద్దిగా పీచులు లేచి, గుడ్డ మాత్రం నిలిచి ఉంటే కూరడం సరిగా ఉన్నది. మధ్యలో కాలి చిల్లిపడితే గుడ్డ పలచన, లేదా దానికి పట్టించిన కొవ్వు, మైనం చాలలేదు. కత్తితో కోసినట్లు చీలితే గొట్టంలోని గాడుల అంచులుగాని, మూతి అంచుగాని పదునుగా ఉన్నవి, లేదా లోపల తుప్పు గుంటలు పడ్డవి. దట్టంగా నేసిన నూలుగుడ్డ వాడాలి. పాలిస్టరు కలిసినది వేడికి కరిగి గొట్టానికి అంటుకుంటుంది.

ఇవన్నీ సరిగానే ఉండి గుండ్లు ఇంకా తిరుగుతుంటే గొట్టం చెక్కలో ఎలా కూర్చున్నదో చూడాలి. చాలా పాత నమూనాలలో గొట్టాన్ని చెక్కకు ఒక అడ్డచీల బిగించి ఉంచుతుంది. శుభ్రం చేయడానికి దానిని పదేపదే తీయడంవల్ల అది వదులవుతుంది. వదులైన చీల ఉన్న తుపాకీ గురిముక్కలను సవరించడం ఊగే బల్లమీద తక్కెడ పెట్టి తూచడం వంటిది. వానాకాలంలో చెక్క ఉబ్బి గొట్టాన్ని ఒక పక్కకు నొక్కడమూ ఉన్నది. వేసవిలో కుదిరిన గురి శ్రావణంలో తప్పితే మొదట అనుమానించవలసినది దీనినే. గొట్టపు మూతి అంచును కూడా వేలితో తడిమి చూడాలి. గుండును చివరగా వదిలేది ఆ అంచే. కూరే కడ్డీ రాపిడికి అది ఒక పక్క అరిగితే ఏ గురిముక్కా దానిని సరిదిద్దలేదు.

క్యాపు పేలిన తరువాత మందు అంటుకోవడం ఆలస్యమైతే, ఆ ఆలస్యంలో చేయి కదిలి గురి తప్పుతుంది. క్యాపు పెట్టే మొలక రంధ్రం మూసుకుపోవడం, మందు చెమ్మగిల్లడం ఇందుకు కారణాలు. క్యాపు పేలి తుపాకీ పేలకపోతే మూతిని లక్ష్యం వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగాలి. మూతిలోకి తొంగిచూడటం ఎంతమాత్రం కూడదు.

కొల్లేటి ప్రాంతపు గాలి, వెలుతురు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు సరస్సు చుట్టుపక్కల నేల పల్లపుది, గాలి చెమ్మది. తుపాకిమందు చెమ్మను పీలుస్తుంది. దాని మసి మరింతగా పీలుస్తుంది. మే నెల వడగాడ్పులలో ఈ మసి పెళుసుగా గట్టిపడి గుండును దిగనివ్వదు. వానాకాలంలో మెత్తగా, జిడ్డుగా ఉంటుంది. ఒకే తుపాకీకి రెండు కాలాలలో రెండు రకాల తుడుపు కావలసి వస్తుంది. పేల్చిన రోజే నీటితో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించకపోతే ఇక్కడి గాలికి మర్నాటికే తుప్పు కనిపిస్తుంది. ఆ తుప్పు గుంటలే కొంతకాలానికి గుడ్డను కోసి, గుండును చెదరగొట్టి, యజమాని చేత గురిముక్కను కొట్టిస్తాయి.

వెలుతురు మరొక మోసకారి. ఎండ పక్కనుంచి పడితే ముందు పలకలో ఎండ తగిలిన వైపే మెరుస్తుంది. కన్ను ఆ మెరుపునే పలక అనుకొని దానిని గాటు మధ్యకు తెస్తుంది. ఫలితంగా గుండు ఎండకు ఎదురు పక్కకు పోతుంది. ఉదయం కుడివైపు ఎండలో సవరించిన తుపాకీ సాయంత్రం ఎడమవైపు ఎండలో తప్పు చూపడానికి కారణం ఇదే. చెరువుగట్ల మీద నీటి తళుకు కూడా తోడై ఈ మోసం ఎక్కువవుతుంది. దీనికి విరుగుడు గురిముక్కలకు నల్లని మసి పట్టించడం. కర్పూరం వెలిగించి దాని పొగ పట్టించే పద్ధతి లక్ష్యసాధన పోటీలలో ఇతర దేశాలవారూ పాటిస్తారు. గొట్టంలో మందు లేనపుడు, మందు నిల్వకు చాలా దూరంగా ఈ పని చేయాలి.

ఈ ప్రాంతంలో మరొక ప్రమాదం నీరు. సీసపు గుండు తక్కువ కోణంలో నీటిని తాకితే మునగక ఎగిరి, తలవని దిక్కుకు పోతుంది. కొల్లేటి లంకలూ చేపల చెరువుల గట్లూ జనసంచారం ఉన్నవి. వెనుక గట్టి మట్టికట్ట లేకుండా ఇక్కడ తుపాకీని పరీక్షించడం నేరం సంగతి అటుంచి, ఎదుటి గట్టు మీద మనిషికి ప్రాణాపాయం.

రవ్వల తుపాకులు

గాడులు లేని రవ్వల తుపాకీకి మూతి దగ్గర పూస ఒక్కటే ఉంటుంది. వెనుక గురి పని చేసేది పేల్చేవారి కన్నే. చెంప చెక్కమీద ఒక్కొక్కసారి ఒక్కొక్క ఎత్తులో ఆనితే గురి కూడా అన్నిసార్లు మారుతుంది. కాబట్టి వీటిలో సవరించవలసినది పూసను కాదు, చెక్క పొడవునూ చెంప ఆనే తీరునూ. నీటిపిట్టల వేటలో వాడినవి ఎక్కువగా ఇవే. నీటి అడుగున మిగిలిపోయే సీసపు రవ్వలను గులకరాళ్ళనుకొని మింగి బాతులు విషప్రభావంతో చనిపోవడం అనేక దేశాలలో గమనించబడినది.

చట్టం

1959 ఆయుధాల చట్టం మజిల్ లోడర్‌ను ప్రత్యేకంగా పేర్కొన్నది. నిజమైన పంట రక్షణ కోసం మజిల్ లోడర్‌కు లైసెన్సు ఇవ్వడాన్ని 13వ సెక్షను ప్రస్తావిస్తుంది. పంట రక్షణకు అది చాలదని అధికారి భావిస్తేనే గాడులు లేని మరో తుపాకీకి ఇవ్వవచ్చు. అనగా చట్టం దృష్టిలో రైతు తుపాకీ ఇదే. అయితే తుపాకీకి లైసెన్సు ఉండటం వేరు, జంతువును చంపే అనుమతి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తొలుత కొన్ని రకాల వేటను లైసెన్సుతో అనుమతించినా, 1991 సవరణతో ఆ వీలు పోయినది. పంటను పాడుచేసే అడవిపందినైనా 11వ సెక్షను ప్రకారం అధీకృత అటవీ అధికారి వ్రాతపూర్వక అనుమతి లేనిదే చంపరాదు. ఏలూరుకు ఉత్తరాన మెట్ట ప్రాంతపు రైతుకు ఈ రెండు కాగితాల తేడా తెలియకపోవడం వలన కేసులో చిక్కుకునే ప్రమాదం ఉన్నది.

కొల్లేరులో సముద్రమట్టానికి 5 అడుగుల కాంటూరు వరకు గల సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఈ సరస్సు రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలో చేరినది. వన్యప్రాణి చట్టం 31వ సెక్షను ప్రకారం ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ముందస్తు అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో ప్రవేశించడమే నేరం. పిట్టను కొట్టకపోయినా, గురి చూసుకోవడానికే వచ్చానని చెప్పినా అది సమాధానం కాదు.

మరమ్మతులకు కూడా హద్దులున్నాయి. తుపాకీని బాగుచేయడం, పరీక్షించడం వంటి పనులకు 5వ సెక్షను ప్రకారం లైసెన్సు కావాలి. కాబట్టి ఊరి కమ్మరి చేత గొట్టం పని చేయించడం ఇద్దరికీ ముప్పు. మూతి అంచు అరిగినపుడు ఇతర దేశాలలో చేసే మామూలు వైద్యం, గొట్టం కొసను కొద్దిగా కోసి కొత్త అంచు తీర్చడం. భారతదేశంలో గొట్టం పొడవు తగ్గించడానికి 6వ సెక్షను కింద ప్రత్యేక లైసెన్సు ఉండాలి. రంపం పట్టుకునే ముందు లైసెన్సు గల తుపాకీ వ్యాపారిని సంప్రదించడమే మార్గం. తుపాకిమందు నిల్వకు 1884 పేలుడు పదార్థాల చట్టం, దాని కింద వచ్చిన 2008 నియమాలు వర్తిస్తాయి.

ఇతర దేశాలలో

అమెరికాలోని అనేక రాష్ట్రాలలో జింకల వేటకు మజిల్ లోడర్ల కోసం విడిగా కొన్ని రోజులు కేటాయిస్తారు. అక్కడ స్థిరపడిన తెలుగువారిలో వేట అభిరుచి ఉన్నవారికి ఈ తుపాకీ పరిచయమయ్యేది ఆ దారిలోనే. అక్కడి నేటి నమూనాలలో సుత్తి గొట్టానికి సరిగ్గా వెనుకనే ఉంటుంది, చాలావాటికి దుర్భిణి గురి కూడా అమర్చుతారు. వాటిలో మొదట చూడవలసినది దుర్భిణిని గొట్టానికి బిగించే మరలు. మిగిలిన పరీక్ష పాత తుపాకీకి చెప్పినట్లే. 1971లో ఏర్పడిన అంతర్జాతీయ మజిల్ లోడర్ సంఘాల కమిటీ నిర్వహించే ప్రపంచ పోటీలలో 25, 50, 100 మీటర్ల దూరాలలో పాత నమూనాలతోను, వాటి నకళ్ళతోను పోటీపడతారు.